బాలామృతం పడని బిడ్డ తల్లికి భోజనం ఆపకండి

తెలంగాణ మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ కమిషనర్ గారికి,

నల్లగొండ, మహబూబ్‌నగర్ అంగన్‌వాడీల్లో ఏడో నెల నుంచి పిల్లలకిచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి. దానికి తోడు గుడ్లు. ఆవుపాలు, గుడ్డు పడని బిడ్డకు ఇవేవీ పనికిరావు. మిగిలేది ఇంటి తిండి, అమ్మపాలు. తల్లికిచ్చే ఆరోగ్యలక్ష్మి భోజనం మాత్రం కాన్పయిన ఆరు నెలలకే ఆగిపోతుంది.

ఏడాది దాటితే ఆ పాలలో సారం ఉండదంటారు. ఉంటుంది. రెండో ఏట బిడ్డకు కావలసిన శక్తిలో మూడో వంతు దాకా అమ్మపాలే ఇవ్వగలవని, రెండేళ్లూ ఆపైనా పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అవి ఎలర్జీని నయం చేస్తాయని నేననను. తల్లి తాగిన పాలు, తిన్న గుడ్డు తాలూకు మాంసకృత్తులు చనుబాలలోకి కొద్దిగా రావడమూ నిజమే. అందుకే కొందరు తల్లులు వాటిని మానాల్సి వస్తుంది. మానితే కాల్షియం ఎక్కడిది? ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిన నల్లగొండలో ఇది చిన్న ప్రశ్న కాదు. అది దొరికే తైదలు, నువ్వులు మనకు కొత్తవీ కావు. ఖర్చంటారా, ఎలర్జీ ఉందని డాక్టర్ నిర్ధారించిన పిల్లల తల్లులకే ఆ భోజనం ఇవ్వండి (ఉత్త అనుమానంతో పాలు, గుడ్లు మాన్పించడం మరో ముప్పు).

ఆ తల్లులకు భోజనం రెండేళ్ల దాకా పొడిగిస్తూ, బిడ్డకు పాలపొడి లేని పిండి ఇస్తూ ఉత్తర్వు వెలువరించాలని కోరుతున్నాను.