దయ్యాలకు పట్టాలెవరిచ్చారు?

ఈ మధ్య దయ్యాలకు మంచి రోజులొచ్చాయి. మా చిన్నతనంలో పాపం వాటికి ఊరవతలి చింతచెట్టు, పాడుబడ్డ మోటబావి తప్ప వేరే దిక్కుండేది కాదు. ఇప్పుడో? సెల్‌ఫోను తెరిస్తే చాలు, ప్రపంచంలో ఎక్కడ తాళం పడ్డ ఇల్లుంటే అక్కడ ఒక దయ్యం కాపురముంటోంది. "మనుషులు వదిలేసిన పది వింత ఊళ్ళు", "రాత్రిపూట అడుగుపెట్టారో, అంతే!" అంటూ వచ్చే ఆ వీడియోలు భోంచేసి మంచమెక్కినవాణ్ణి కోడి కూసేదాకా పడుకోనివ్వవు. నాకూ ఆ జాడ్యం ఉంది. ఒప్పుకుంటున్నాను.

అలా నిద్ర చెడగొట్టుకుని నేను సంపాదించిన జ్ఞానం కొంత ఉంది. ఉక్రెయిన్‌లో ప్రిప్యత్ అనే పట్నం. 1986 ఏప్రిల్ 26న పక్కనున్న చెర్నోబిల్ అణు కేంద్రం పేలితే, మర్నాడు సుమారు 49 వేలమందిని బస్సులెక్కించి పంపేశారు. జపాన్‌లో హషిమా అనే దీవి. సముద్రం అడుగున బొగ్గు తవ్వేవారు. 1974లో గని మూసేశారు, దీవి ఖాళీ అయింది. మన పక్కనే తమిళనాడులో ధనుష్కోటి. 1964 డిసెంబరు తుపాను ఊరినే తుడిచిపెట్టింది. చూశారా? ఒకచోట పేలుడు, ఒకచోట మూతపడ్డ గని, ఒకచోట తుపాను. ప్రతి ఊరికీ ఒక కారణముంది, ఒక తారీఖుంది. కాని వీడియోలవాళ్ళకు కారణం రుచించదు. వాళ్ళకు దయ్యమే కావాలి.

కాలక్షేపం సంగతికి ఇంత ఆవేశమెందుకయ్యా అంటారేమో. మొన్నటిదాకా నేనూ అలాగే అనేవాణ్ణి.

మా కథలాపూర్‌లో మా ఇంటికి నాలుగిళ్ళవతల ఒక డాబా ఉంది. గేటుకు తాళం. ముంగిట నడుమెత్తు పిచ్చిమొక్కలు. సెలవులకొచ్చిన మా మేనల్లుడు ఒకరాత్రి టార్చిలైటు పట్టుకుపోయి, గోడమీంచి దాన్ని ఫోనులో తీసి, దానికి నక్క కూతలూ గజ్జెల చప్పుడూ కలిపి, "జగిత్యాల జిల్లాలో దయ్యాల బంగ్లా" అని పేరుపెట్టి లోకం మీదికి వదిలాడు. ముందు నాకే చూపించాడు. నేను నవ్వాను కూడా.

మూడోనాడు దుబాయినుంచి ఫోను. ఆ ఇంటాయనే.

"కాకా, నా ఇంట్ల దయ్యాలు తిరుగుతున్నయట గదా? మా రూమోళ్ళు చూపెట్టిండ్రు."

నాకు నోట మాట రాలేదు.

"పదేండ్లు ఎండల పనిజేసి కట్టిన కాకా. అన్ని సెలవులు గలిపితె నాలుగు నెలలు సుత పండలే అండ్ల. నాకంటె ముందుగాల అవే గృహప్రవేశం జేసినయంటే, కిరాయన్న అడుగుదామని ఫోన్ జేసిన," అని నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. బిడ్డ పెళ్ళికి ఆ ఇల్లు బేరం పెట్టాడట. కొంటానన్న మనిషి వీడియో చూసి బయానా వాపసు అడుగుతున్నాడట. భార్య పిల్లల చదువుకోసం కోరుట్లలో ఉంటోంది. ఆవిడ రెండు రోజులనుంచీ ఏడుస్తోందట.

ఆ రాత్రి నాకు దయ్యాల వీడియో లేకుండానే నిద్రపట్టలేదు.

"పాడుబడింది" అంటాం మనం, అదేదో పండిన ఆకు రాలినట్టు. ఇల్లు తనంతట తాను పాడుబడదండీ! మా దగ్గర బతుకుతెరువు దొరక్క దుబాయి, మస్కట్ పోయినవాళ్ళ ఇళ్ళవి. మల్లాపూర్ మండలం ముత్యంపేటలో చక్కెర ఫ్యాక్టరీ ఉంది. 1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్స్ కుటుంబంలోదే. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. సిరిసిల్ల దిక్కు పోతే మిడ్‌మానేరు. అది పాతిక టీఎంసీల జలాశయం. దాని అడుగున చింతలఠాణా, కొదురుపాక, అనుపురం లాంటి ఊళ్ళున్నాయి. నీళ్ళు బాగా తగ్గినప్పుడు మొండిగోడలు తేలతాయి. ఇక్కడ ఏ దయ్యం ఎవర్ని తరిమింది చెప్పండి? తరిమినవాటికి ఫైళ్ళున్నాయి, సంతకాలున్నాయి, తారీఖులున్నాయి.

తమాషా ఏమిటంటే, మావాళ్ళు పొట్ట చేతబట్టుకుని పోయిన దేశంలోనూ ఇదే తంతు. రస్ అల్ ఖైమా దగ్గర జజీరా అల్ హమ్రా అని ముత్యాలు తీసేవాళ్ళ ఊరొకటుంది. జపాన్ వాళ్ళు ముత్యాలను పెంచడం నేర్చాక అక్కడి బేరం పడిపోయింది. 1968 ప్రాంతంలో మిగిలిన జనమూ వెళ్ళిపోయారు. దాన్ని చూడబోయేవాళ్ళకు ఏం చెబుతారంటారా? జిన్నుల కథలు! బేరం పడిపోయిందంటే ఎవరికి భయం వేస్తుంది?

"దయ్యం పేరు చెబితేనన్నా నలుగురు చూస్తారు గదా మామా" అన్నాడు మావాడు. చూస్తారు, కాదనను. కాని దయ్యాన్ని చూడ్డానికొచ్చినవాడు "ఇక్కడ తెల్లచీర కనబడిందా?" అని అడుగుతాడే తప్ప "ఇక్కడికి చివరి చెరుకుబండి ఎప్పుడొచ్చింది?" అని అడగడు. భయపడ్డవాడు ప్రశ్న వేయడు. దయ్యం వల్ల అసలు లాభం ఊరు ఖాళీ చేయించినవాళ్ళకే. వాళ్ళ పేరు ఎవ్వరూ ఎత్తరు.

ఇక ఇంతసేపూ దాచిన సంగతి కూడా చెప్పేస్తాను. ఆ ఇంటి తాళంచెవి మా ఇంట్లోనే, క్యాలెండరు పక్క మేకుకు వేలాడుతోంది. "జర సూస్తుండు కాకా" అని నాకిచ్చి పోయాడాయన. పిచ్చిమొక్కలు నడుమెత్తు పెరిగిందాకా చూస్తూనే ఉన్నాను! దయ్యానికి పట్టా రాసిచ్చినవాళ్ళలో నా సంతకం కూడా ఉందన్నమాట.

మర్నాడు పొద్దున్నే మామా అల్లుళ్ళం గడ్డపార, కొడవలి పట్టుకుపోయి వాకిలి బాగుచేశాం. పాత వీడియో తీసేయించాను. కొత్తది పగటిపూట, తలుపులు బార్లా తీసి తీశాడు. దానికి నేనే పేరుపెట్టాను: "ఈ ఇంట్లో దయ్యం లేదు, ఇంటాయన దుబాయిలో ఉన్నాడు." మొదటిదాన్ని నలభైవేల మంది చూశారు. దీన్ని ఇప్పటిదాకా నూటపన్నెండు మంది.

కొనేవాడు ఇంకా మాట చెప్పలేదు. ఇల్లు మాత్రం రోజూ పొద్దున ఊడుస్తున్నాం.