రహదారిపై నిలువని అంకె

విద్యుత్తుతో నడచు కారును కొనదలచి షోరూములో అడుగుపెట్టిన గృహస్థునకు, ధరకంటెను, రంగుకంటెను, లోపల అమర్చిన తెరల వైభవముకంటెను ముందుగా వినిపించునది ఒక అంకె: ఒక్కసారి ఛార్జి చేసినచో ఇన్ని కిలోమీటర్లు పోవునని. 2023లో వెలువడిన టాటా నెక్సాన్ కారులలో 40.5 యూనిట్ల బ్యాటరీ గలదానికి ప్రకటించిన దూరము 465 కిలోమీటర్లు. హైదరాబాదునుండి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లే గదా, నడుమ ఎక్కడను నిలువకుండ పోవుటయే గాక మరునాటి తిరుగు ప్రయాణమున సూర్యాపేట దాటువరకు ఛార్జి మాటే తలపెట్టనక్కరలేదని సామాన్యుడు లెక్క వేసికొనినచో, అది వాని తప్పనుటకు వీలులేదు. కాని గంటకు నూరు కిలోమీటర్ల వేగమున బయలుదేరినవాడు కోదాడ చేరునప్పటికే ఛార్జింగు స్టేషను ఎక్కడనున్నదో ఫోనులో వెదకుకొనుట ఇప్పుడు అరవైయైదవ నెంబరు రహదారిపై సర్వసాధారణమైన దృశ్యము.

ఆ అంకెను అబద్ధమని తోసివేయుట న్యాయము కాదు. నియమానుసారముగా కొలిచి, ధ్రువీకరించినదే అది. ఆ నియమములెట్టివో కొనువానికి చెప్పువారు లేకపోవుటయే చిక్కు. మన దేశమున కారులను పరీక్షించుటకు ఏర్పరచిన క్రమమునకు ఎం.ఐ.డి.సి. యని పేరు. పూణేలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థలలో కారును రోలర్లపై నిలిపి, చక్రములు మాత్రము తిరుగునట్లుగా ఈ పరీక్షను జరుపుదురు. అందు మొదటి భాగము నగరసంచారమును పోలినది. గరిష్ఠవేగము గంటకు 50 కిలోమీటర్లు. ఆగుచు సాగుచు పోవుటచే సగటు వేగము 20 కిలోమీటర్లకు లోపే. రెండవ భాగము ఊరివెలుపలి ప్రయాణమును పోలినది. అందైనను వేగము 90 దాటదు, ఆ 90 కూడ కొన్ని క్షణముల ముచ్చటయే. అక్కడ ఏసీ పనిచేయదు, ఎదురుగాలి వీచదు, ఎత్తుపల్లములు లేవు, వెనుకసీటులో ముగ్గురు, డిక్కీలో వారి సామాను నుండవు. కొంతకాలము క్రిందటివరకు కొన్ని కంపెనీలు మొదటి భాగపు ఫలితమునే పెద్ద అక్షరములతో వేసికొనెడివి. 2024నుండి రెండు భాగములను గలిపి చెప్పు పద్ధతి పాదుకొనుట మేలే యైనను, అది మేలు అనిపించుకొనుటకు మాత్రమే చాలును.

ఇంతలో రోడ్డు సంగతి చూడుడు. 2018లో కేంద్ర రవాణాశాఖ ఎక్స్‌ప్రెస్‌వేలపై కారులకు 120 కిలోమీటర్లను, నాలుగు వరుసల రహదారులపై 100 కిలోమీటర్లను గరిష్ఠవేగముగా ప్రకటించినది. హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల నిడివిగల ఔటర్ రింగురోడ్డుపై 2023లో పరిమితిని 100నుండి 120కి పెంచిరి. చిత్తూరు జిల్లామీదుగా పోవు బెంగుళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కూడ ఆ వేగమునకే ఉద్దేశించినది. పౌరునకు 120 వరకు పోవ అనుమతి నొసగిన ప్రభుత్వమే, ఆ పౌరుడు కొను కారునకు 90 దాటని పరీక్షను ప్రమాణముగా నిలుపుట విచిత్రము. ఐరోపాలో 2017నుండి అమలులోనున్న డబ్ల్యూ.ఎల్.టి.పి. పరీక్షలో వేగము 131 కిలోమీటర్లవరకు పోవును. అమెరికాలో పరీక్షాగారమున వచ్చిన దూరమును ప్రాయికముగా 0.7చే గుణించి, అనగా నూటికి ముప్పదిపాళ్ళు తగ్గించి మరీ కారు అద్దముపై అంటింతురు. అక్కడివారికిని ఫిర్యాదులు లేకపోలేదు గాని, కొనువాని ఆశకును రోడ్డు మీది అనుభవమునకును నడుమ గల అగాధము మన యంత లోతుగా లేదు.

ఇక వేగము చేయు హాని యెట్టిదో కొంత నిదానించి చెప్పవలసియున్నది. కదలుచున్న కారును రెండు శక్తులు వెనుకకు లాగుచుండును. ఒకటి టైరులకును రోడ్డునకును నడుమ గలుగు ఒరపిడి. ఇది వేగముతో పెద్దగా మారదు, బరువుతో మారును. రెండవది గాలి. గాలి యొత్తిడి వేగపు వర్గముననుసరించి పెరుగును. అనగా వేగము ఒకటిన్నర రెట్లయినచో గాలి యొత్తిడి రెండుంబావు రెట్లగును. నగరములో ముప్పది, నలువది వేగమున తిరుగునప్పుడు గాలి ఉన్నదన్న సంగతియే కారునకు తెలియదు. ఎనుబది దాటిన పిదప కారు ఖర్చుచేయు శక్తిలో పెద్దభాగము ఆ గాలిని చీల్చుటకే పోవును. ఎత్తుగా, నలుచదరముగా నుండు ఎస్.యు.వి. రూపములపై మనవారికి గల మోజు ఈ భారమును మరింత పెంచుచున్నది.

ఈ సూత్రమును లెక్కలోనికి దింపి చూతము. మనుష్యులతో గలిపి 1,700 కిలోల బరువుండి, 40 యూనిట్ల బ్యాటరీ గల మధ్యరకపు ఎస్.యు.వి.ని తీసికొందము. సమతలమైన రోడ్డుపై, గాలి నిశ్చలముగా నుండగా, ఏసీ వేసికొని పోవుచున్నదనుకొందము. నా లెక్క ప్రకారము, నిలకడగా 80 కిలోమీటర్ల వేగమున పోయినచో యూనిటుకు ఏడు కిలోమీటర్లకు కొంచెము పైగా వచ్చును. 100 వేగమున ఐదున్నరకు కొంచెము పైగా. 120 వేగమున నాలుగున్నర. అనగా బ్యాటరీని చివరి బొట్టువరకు పిండినను మొదటి సందర్భమున సుమారు 290 కిలోమీటర్లు, రెండవ సందర్భమున 230, మూడవ సందర్భమున 180 మాత్రమే. కారు ఆకారమును బట్టి, బరువును బట్టి ఈ అంకెలు అటునిటు జరుగును గాని, వాని నడుమ నుండు నిష్పత్తి పెద్దగా మారదు. ఎనుబదినుండి నూటయిరువదికి పోవుటచే దూరములో మూడవవంతుకు మించి హరించిపోవుచున్నది.

పెట్రోలు కారు నడపినవారికి ఇది వింతగా తోచును. వారి యనుభవమున హైవేపై మైలేజీ పెరుగును గాని తగ్గదు. దీనికి కారణము పెట్రోలు ఇంజిను గొప్పతనము కాదు, దాని దుబారా. ఇంధనములోని శక్తిలో పావుపాలో, అంతకు కొంచెము మించియో చక్రములకు చేర్చి, తక్కినదంతయు వేడిగా పారబోయు ఇంజిను అది. నగరపు ట్రాఫిక్కులో ఆ దుబారా మరింత హెచ్చును. పది చిల్లులున్న కుండకు పదునొకండవది పడినచో గుర్తించువారుండరు; చిల్లులేని కుండకు ఒక్కటి పడినను ఇల్లంతయు తడియును. విద్యుత్ మోటారు బ్యాటరీలోని శక్తిలో నూటికి ఎనుబదియైదుపాళ్ళకు పైగా చక్రములకు అందించును. బ్రేకు వేసినప్పుడు వృథాగాబోవు శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోనికి చేర్చును. కనుకనే అది నగరములో అంత పొదుపరి. హైవేపై బ్రేకు వేయు పనియే తక్కువ గనుక తిరిగి రాబట్టుకొనునదేమియు ఉండదు, గాలికి చెల్లింపు మాత్రము పూర్తిగా నుండును. పైగా 40 యూనిట్ల బ్యాటరీలోని శక్తి యంతయు గలిపి నాలుగున్నర లీటర్ల పెట్రోలులోని శక్తికి సమానము. అంత స్వల్పమైన మూలధనముతో ఇంటిల్లిపాదిని రెండు మూడు వందల కిలోమీటర్లు మోయు యంత్రమును నిందించుటకు నాకు నోరు రాదు. దాని శక్తిని మరుగుపరచి, లేని శక్తిని అంటగట్టు ప్రకటనలపైననే నా అభ్యంతరము.

ఎత్తుపల్లముల సంగతి సాధారణముగా ఎవరును చెప్పరు. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల యెత్తున నున్నది. కృష్ణయొడ్డున బెజవాడ ఇరువది మీటర్లకు అటునిటు. దారి పొడవునను వాలు కంటికి తెలియనంత మెల్లగా సాగును. అయినను 1,700 కిలోల బండి అయిదువందల మీటర్లు దిగినప్పుడు రెండు యూనిట్లకు మించిన శక్తి కలిసివచ్చును; తిరిగి ఎక్కునప్పుడు అంతకన్న కొంచెము హెచ్చుగానే చెల్లింపవలసివచ్చును. దీని ఫలితమేమనగా, పైన చెప్పిన కారు హైదరాబాదులో నిండుగా ఛార్జి చేసికొని, ఎనుబది వేగమును దాటక, పదిశాతము మిగులునట్లు పోయినచో, ఎక్కడను నిలువకుండ బెజవాడ చేరినను చేరవచ్చును. అదే కారు, అదే వేగమున, అదే రోడ్డుపై తిరిగివచ్చునప్పుడు ఎక్కడనో యొకచోట ఛార్జి చేసికొననిదే ఇల్లు చేరదు. సంక్రాంతికి పోయివచ్చువారు బియ్యపు బస్తాలు, పిండివంటల డబ్బాలు డిక్కీ నిండ ఎక్కించుకొని వచ్చునది కూడ ఆ ఎక్కుడుదారిలోనే గదా. కోస్తాలో సముద్రపుగాలి యెదురైనచో లెక్క మరియొక విధముగా మారును: గంటకు ఇరువది కిలోమీటర్ల ఎదురుగాలిలో నూరు వేగమున పోవు కారునకు గాలి నూటయిరువది వేగముననే తగులును.

ఏసీపై మాత్రము జనులు అనవసరముగా నింద మోపుచున్నారు. మే నెలలో రామగుండము ఎండలో రెండు కిలోవాట్ల శక్తిని ఏసీ లాగికొన్నదనుకొన్నను, గంటకు నూరు కిలోమీటర్లు పోవు కారునకు ఆ ఖర్చు గంటకు రెండు యూనిట్లే. గాలికిని రోడ్డునకును అదే గంటలో పదహారు యూనిట్లకు పైగా సమర్పించుకొనుచున్నది. ఏసీ ఖర్చు నిజముగా బరువుగా తోచునది నగరపు ట్రాఫిక్కులో ఇరువది వేగమున ఈడ్చుకొనిపోవునప్పుడు. హైవేపై ఏసీ ఆపి, అద్దములు దింపి, చెమటలు గ్రక్కుచు నూటపది వేగమున పోవువారిని చూచినచో జాలి కలుగును.

మరియొక మాట. హైవే ప్రయాణమున బ్యాటరీ నిండుగా నూరు శాతమును ఎవరును వాడుకొనరు. ఫాస్ట్ ఛార్జరువద్ద ఎనుబది శాతము దాటిన పిదప ఛార్జింగు మందగించును గనుక అక్కడికి ఆపి బయలుదేరుదురు. క్రిందివైపున పదిశాతమునైనను నిలువయుంచుకొననిదే మనసు ఒప్పదు, ముందున్న స్టేషనులో యంత్రము పనిచేయునో లేదో, పనిచేసినను ఎందరు వరుసలో నున్నారో తెలియదు గనుక. కావున రెండు స్టేషనుల నడుమ చేతికి దక్కునది డెబ్బదిశాతమే. మన కారునకు అది ఇరువదియెనిమిది యూనిట్లు. నూరు వేగమున సుమారు 160 కిలోమీటర్లు. ప్రకటనలో నాలుగువందల యరువది చదివినవాడు రోడ్డుపై ప్రణాళిక వేసికొనవలసిన అంకె నూటయరువది యన్నమాట.

వేగముగా పోయి కాలము మిగుల్చుకొందమనువారికి కూడ ఒక లెక్క చూపుట మంచిది. 270 కిలోమీటర్ల దూరమును నూరు వేగమునకు బదులు నూటయిరువది వేగమున పోయినచో ఇరువదియేడు నిమిషములు కలిసివచ్చును. కాని అందుకై పండ్రెండున్నర యూనిట్లు అదనముగా ఖర్చగును. సగటున ముప్పది కిలోవాట్లు అందించు ఛార్జరువద్ద వానిని తిరిగి నింపుటకు ఇరువదియైదు నిమిషములు పట్టును. వరుసలో ఒక్క కారు ముందున్నను నష్టమే.

పెట్రోలు కారుల మైలేజీ ప్రకటనలును ఇట్టివే గదా, వానిని జనులు ఎన్నడో సగము నమ్మి సగము విడిచిపెట్టిరి గదా, విద్యుత్కారులపైననే ఈ పట్టింపు ఎందులకని కొందరడుగుదురు. పెట్రోలు కారునకు మైలేజీ తగ్గినచో జేబులో నాలుగు వందల రూపాయలు తగ్గును. పెట్రోలు బంకు పది కిలోమీటర్ల లోపుననే యుండును. విద్యుత్కారునకు దూరము తగ్గినచో రాత్రి పదిగంటలకు, పిల్లలతో, ముసలివారితో, రోడ్డు ప్రక్కన నిలువవలసివచ్చును. రెండు తప్పులకును ఒకే తూకము పనికిరాదు.

కంపెనీలకు నిజము తెలియకపోలేదు. టాటా మోటార్స్ వారు 2024లో కర్వ్ కారును విడుదల చేసినప్పుడు పెద్ద బ్యాటరీ గలదానికి 585 కిలోమీటర్లని పరీక్షాఫలితమును ప్రకటించుచునే, నూటికి డెబ్బదియైదుగురు వినియోగదారులకు వాస్తవముగా లభించునది 400నుండి 425 కిలోమీటర్లని వేరుగా తెలిపిరి. ఇది మెచ్చదగిన పని. అయినను అదియు నగరమును, రహదారిని గలిపి తీసిన అంకెయే. నార్వేలో అక్కడి ఆటోమొబైల్ సమాఖ్య వేసవిలో నొకమారు, చలికాలమున నొకమారు, పదులకొలది కారులను ఒకే దారిని, బ్యాటరీ అడుగంటువరకు నడిపించి ఫలితములను బహిరంగముగా ప్రకటించుచున్నది. దక్షిణకొరియా అధికారులు, చలిలో దూరము తగ్గునని కొనువారికి తెలుపలేదన్న కారణమున, 2023 జనవరిలో టెస్లాకు సుమారు 285 కోట్ల వాన్‌ల జరిమానా విధించిరి. అక్కడ చలి యెట్టిదో ఇక్కడ వేగము అట్టిది.

కావలసినది క్రొత్త శాస్త్రమేమియు కాదు. అవే రోలర్లపై, అవే యంత్రములతో, నిలకడగా 80, 100, 120 వేగములలో ఏసీ నడచుచుండగా కారు ఎంత దూరము పోవునో కొలిచి, ఆ మూడంకెలను ధర ప్రక్కన అంతే పెద్ద అక్షరములతో ముద్రింపవలెనని రవాణాశాఖ ఒక్క ఉత్తరువు జారీచేసినచో చాలును. అంతవరకు, షోరూమునకు పోవు పాఠకులకు నా విన్నపమొకటి: నూరు కిలోమీటర్ల నిలకడ వేగమున, నలుగురు మనుష్యులతో, ఎనుబది శాతమునుండి పది శాతమువరకు ఈ కారు ఎంత దూరము పోవునో వ్రాతపూర్వకముగా ఇమ్మని అడుగుడు. ఇయ్యనిచో టెస్ట్‌డ్రైవు సందులలో కాక ఔటర్ రింగురోడ్డుపై గంటసేపు కావలెనని పట్టుబట్టి, యూనిటుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చినదో తెరపై చూచికొని, ఆ తరువాతనే బయానా చెల్లింపుడు.