చౌడు నేలకు కావలసింది ఎక్కువ ఎరువు కాదు, తగిన ఎరువు

కొయ్యూరు: ఈ కొండల్లో చౌడు బాధ లేదు. జోరుగా కురిసే వానలు నేలలోని ఉప్పును ఎప్పటికప్పుడు కడిగివేస్తాయి. దానితోబాటు సున్నం, పొటాషు కూడా కొట్టుకుపోయి నేల పులుపెక్కుతుంది. ఇక్కడినుంచి నర్సీపట్నం, అనకాపల్లి దాటి సముద్రతీరానికి దిగితే వ్యవహారం తలకిందులు. అక్కడి పల్లపు భూముల్లో వేసవి వచ్చేసరికి ఉప్పు పైకి తేలుతుంది. అయినా కొండకూ తీరానికీ ఒకే రకం బస్తాలు అమ్మే అలవాటు వర్తకుల్లో ఉంది. ఇది రైతుకే కాదు, పంట మీద అప్పిచ్చిన వర్తకునికీ నష్టదాయకం.

ఉప్పు నేలలో మొక్కకు రెండు ఇబ్బందులు. చుట్టూ తడి ఉన్నా వేరు నీటిని పీల్చలేదు. పీల్చినా పొటాషియం రావలసిన దారిన సోడియం చొరబడుతుంది. కాల్షియం చాలినంత ఉంటే వేరు పొర పటిష్ఠంగా ఉండి సోడియంను కొంతవరకు అడ్డగిస్తుంది. 1969లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు లాహే, ఎప్‌స్టైన్ చిక్కుడు మొక్కలపై ఈ సంగతి నిరూపించారు.

నష్టం ఎంతన్నది వర్తకులు గుర్తుంచుకోదగిన లెక్క. అమెరికాకు చెందిన మాస్, హాఫ్‌మన్ 1977లో ప్రకటించిన అంచనా ప్రకారం నేల లవణ సూచిక (ఇ.సి.) 3 దాటితే, ఆపైన ప్రతి పాయింటుకూ వరి దిగుబడి 12 శాతం పడిపోతుంది. చెరకుకు 1.7 దాటగానే నష్టం మొదలై పాయింటుకు 5.9 శాతం చొప్పున పెరుగుతుంది. ప్రత్తి 7.7 వరకు తట్టుకుంటుంది. చెరకు విషయంలో నష్టం తూకంతో ఆగదు. రసంలో లవణాలు పెరిగితే బెల్లం చెమర్చి నిలవకు ఆగదు, ధరా పలకదు.

ఇక పొటాషు ఎంపిక. మ్యూరేట్‌లో పొటాషు 60 శాతం, కాని బరువులో దాదాపు సగం క్లోరైడే. సల్ఫేట్‌లో పొటాషు 50 శాతం. ఎరువుల లవణ సూచికలో మొదటిది 116, రెండవది 46. ఆకులో క్లోరైడ్ పెరిగితే సరిగా కాలదని పొగాకు వర్తకులు ఏనాడో గ్రహించి సల్ఫేట్‌నే కోరుతున్నారు. అది ఖరీదైన మాట నిజమే. మంచినీటితో మడి కడిగి మురుగు తీయగలిగిన వరి రైతుకు మ్యూరేట్‌నే విడతలుగా వేయమనవచ్చు. నీటి ఎద్దడి ఉన్న చౌడులో మాత్రం చౌక బస్తా చివరకు ఖరీదవుతుంది.

తెల్లపొడులను కలగాపులగం చేయడం మరో పొరపాటు. కారుచౌడుకు జిప్సం, కొండల పుల్లనేలకు సున్నం. ఒకదాని పని రెండవది చేయదు. పాలచౌడుకు ముందు మురుగు కాలువ, మంచినీరు కావాలి. చౌడు వరిలో జింకు లోపం కనిపిస్తే ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వాడుక.

పోషకాలు మొక్కకు ఊతమే గాని ఉప్పును మాయం చేయవు. మోతాదు మించితే ఎరువు కూడా ఉప్పే. కనుక అరువు ఖాతా తెరిచే ముందు భూసార పరీక్ష చీటీ అడగడం వర్తకునికే మేలు. బస్తా కదిలినంత మాత్రాన బేరం ముగియదు. పంట అంగడికి చేరితేనే బాకీ వసూలవుతుంది.