యాత్రకు పోవునప్పుడు ఒక పుస్తకము



1830 మే 18వ తేదీన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరిరి. రైలుబండి లేని ఆ దినములలో రమారమి నూరుగురు పరివారముతో పదునైదు మాసములకు పైగా తిరిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. హైదరాబాదునుండి నిర్మల మీదుగా నాగపురమునకు పోవుచు వారు దాటిన గోదావరియే మా నందిపేట ప్రాంతమునను పారుచున్నది. మజిలీల దూరము, నీటి వసతి, దొరకు సరకులు వారు వ్రాసి మిత్రునకు పంపుచుండిరి. 1838లో అది గ్రంథముగా అచ్చయినది. నేటికిని ఆనాటి దారులు మన కన్నులకు గట్టుచున్నవి.

అమెరికాలో లూయిస్, క్లార్కు అను సైనికాధికారులును 1804 మొదలు 1806 వరకు పడమటి సముద్రమునకు పోయి వచ్చుచు దినచర్యలు వ్రాసిరి. సకాగవియా యను ఆదిమజాతి యువతి చంటిబిడ్డనెత్తుకొని వారితో నడచినది. ఆమె మాట ఇతరుల వ్రాతలలోనే కాని, ఆమె వ్రాసినది ఒక్క పంక్తియు లేదు.

ఇది దూరదేశపు సంగతి యనుకొనరాదు. మా అత్తగారు కాశికి పోయి వచ్చి, ఏ సత్రమున దిగినది, దారిలో ఎవరు దాహమిచ్చినది కథలు కథలుగా చెప్పెడివారు. వినుచుంటిమే కాని వ్రాసికొనలేదు. వారు పోయిరి. మాకు మూతవేసిన గంగచెంబు మిగిలినది.

కావున యాత్రకు మూట గట్టునప్పుడు ఒక పుస్తకమును పెట్టుకొనుడు. చాకలిపద్దు పుస్తకములోని కడపటి పుటలైనను చాలును. ఇంట పెద్దలున్నచో ఈ రాత్రియే అడిగి వ్రాసికొనుడు.