ఇసుక వాళ్లది, గుంతలు మనవా?

గోదావరి ఇసుక లారీలు తిరిగే ఊళ్లలో రోడ్లు గుంతలయ్యాయి. అధికారులను అడిగితే వానల వల్ల అంటారు. వాన పగుళ్లలోకి దిగుతుంది నిజమే, ఆ పగుళ్లు పెట్టింది బరువు కాదా?

ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు నష్టం సుమారు 16 రెట్లని 1958-60లో అమెరికాలో జరిగిన పరీక్షలు తేల్చాయి. 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఇరుసు పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచింది. పెరిగిన బరువు ఎనిమిదో వంతే, ఆ లెక్కన నష్టం మాత్రం 60 శాతం ఎక్కువ. దానిపైన ఓవర్‌లోడ్!

లాభం కాంట్రాక్టర్లకు, మరమ్మతు ఖర్చు ప్రజలకు. 2014లో రాష్ట్రం తెచ్చుకున్నది ఇందుకు కాదు. ప్రతి రీచ్ దగ్గర వేబ్రిడ్జి పెట్టాలి, అదనపు ఇసుకను అక్కడే దింపించాలి. అప్పటిదాకా మేం అడుగుతూనే ఉంటాం.