రక్తం మనది, ప్రశ్న ఎవరిది?



మొన్న శుక్రవారం మా మేనకోడలు ఇండియా నుంచి ఫోన్ చేసింది. జెనెటిక్స్‌లో ఎమ్మెస్సీ ఈ మధ్యే పూర్తయింది. "మావయ్యా, జన్యు పరిశోధనలో నైతికత మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నా. నువ్వైనా అమ్మకి నచ్చజెప్పు" అంది. నేనేం చెప్పి ఉంటానో మీకు తెలుసు, ఎందుకంటే మీరైనా అదే చెప్పేవారు. "అవన్నీ కడుపు నిండినవాళ్ల చదువులమ్మా. ఆరు నెలలు పైథాన్ నేర్చుకో, బయోఇన్ఫర్మాటిక్స్‌లో ఉద్యోగం దొరుకుతుంది" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగింది: "చిన్నమావయ్య ఎందుకు పోయాడో అప్పుడు మీకెవరైనా చెప్పారా?"

ఎవరూ చెప్పలేదు. మా అమ్మానాన్నలది మేనరికం. మా తమ్ముడికి తలసీమియా. నెలనెలా రక్తం ఎక్కించినా ఏడేళ్లకే పోయాడు. దిష్టి తగిలిందని మా నాయనమ్మ ఏడ్చింది. మేనరికం జబ్బును పుట్టించదు. ఒకే వంశంలో దాగి ఉన్న లోపం రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశాన్ని పెంచుతుంది. తల్లీతండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ రెండు ముక్కలు మా అమ్మకు చెప్పే మనిషి ఆ ఆస్పత్రిలో లేడు. ఇప్పుడు మా మేనకోడలూ క్యారియర్ అని పరీక్షలో తేలింది. మా అక్క అన్న మొదటి మాట: "సంబంధాలు చూస్తున్నాం, ఆ రిపోర్టు ఎవరికీ చూపించకు." ఆ రిపోర్టు ఎవరిది? ఆ పిల్లదా, మా అక్కదా, రేపు రాబోయే పెళ్లికొడుక్కి కూడా అందులో హక్కు ఉందా? ఆ పిల్ల పరిశోధన చేస్తానన్నది సరిగ్గా ఈ ప్రశ్న మీద.

నేను పదకొండేళ్లుగా రియాద్‌లో ఉంటున్నాను. మనవాళ్లం నలుగురం కలిస్తే ఈ దేశం వెనకబడిందని జోకులేస్తాం. ఇక్కడా దగ్గరి బంధువుల పెళ్లిళ్లు చాలా ఎక్కువ. 2004 నుంచి పెళ్లికి ముందు సికిల్ సెల్, తలసీమియా పరీక్షలు సౌదీ పౌరులకు తప్పనిసరి. ఫలితం చెప్తారు, కౌన్సెలింగ్ ఇస్తారు, నిర్ణయం మాత్రం జంటకే వదిలేస్తారు. 2009 దాకా పదిహేను లక్షల మందికి పైగా ఈ పరీక్షలు చేశారు. ప్రమాదం ఉందని తేలిన జంటల్లో పెళ్లి మానుకున్నవాళ్లు 2004లో 9.2 శాతం, 2009లో 51.9 శాతం. 2010లో పరిశోధనల నైతికతకు ప్రత్యేక చట్టం చేశారు. దాన్ని అమలు చేసే జాతీయ కమిటీ ఉన్నది ఈ రియాద్‌లోనే. లక్ష జీనోముల లక్ష్యంతో 2013లో జాతీయ ప్రాజెక్టు ప్రకటించారు. అంతకు చాలా ముందే, 1990లో, పిండానికి తీవ్రమైన వైకల్యం ఉందని డాక్టర్లు నిర్ధారిస్తే 120 రోజుల లోపు గర్భస్రావం చేయించుకోవచ్చని మక్కాలోని ఫిఖ్ మండలి తీర్మానించింది.

ఇక్కడ అంతా బాగుందని నేను అనను. పరీక్షను తప్పనిసరి చేయడం న్యాయమేనా? ఫలితం చూసి వరుడు వెనక్కి తగ్గితే ఆ అమ్మాయి సంగతేమిటి? ఈ ప్రశ్నలకు ఇక్కడా తేలిక జవాబుల్లేవు. కానీ వాటి మీద పనిచేసే డాక్టర్లు, న్యాయ నిపుణులు, షరియా పండితులు ఉన్నారు.

మరి మన సంగతి? మూడు ఉదాహరణలు చూడండి.

ఒకటి. హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో ప్రచురించిన పత్రంలో మన వైశ్యుల పేరు ఉంది. ఆపరేషన్ల సమయంలో వాడే ఒక కండర సడలింపు మందు వాళ్లలో కొందరికి ప్రమాదకరం. ఆ లోపం వాళ్లలో మిగతావారి కన్నా చాలా ఎక్కువ. ప్రాణాలు కాపాడే సమాచారమే, కాదనను. కానీ ఒక కులం పేరు జబ్బు పక్కన అచ్చయితే ఆ కులానికి మేలెంత, మచ్చ ఎంత? ఆ లెక్క ఎవరు వేయాలి?

రెండు. ఇది జన్యువుల సంగతి కాదు గానీ, ప్రశ్న అదే. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే సంస్థ హెచ్‌పీవీ టీకా అధ్యయనం చేసింది. పద్నాలుగు వేల మంది ఆడపిల్లలు, అందులో చాలామంది గిరిజనులు. ఎన్నో సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. రేపు ఏజెన్సీలో జన్యు పరీక్షల పత్రాల మీద సంతకం ఎవరు పెడతారు?

మూడు. పొరుగునే ఉన్న కువైట్. 2015లో మసీదులో బాంబు పేలి 27 మంది చనిపోయాక, పౌరులు, ప్రవాసులు, సందర్శకులు అందరూ డీఎన్ఏ నమూనా ఇవ్వాల్సిందేనని చట్టం చేశారు. ఇవ్వనంటే ఏడాది దాకా జైలు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లల్లో పనికి పోయిన మన ఆడవాళ్లు కూడా ఆ లెక్కలోనే. యూరప్ జన్యు శాస్త్రవేత్తల సంఘం నిరసన తెలిపింది. ఒక కువైటీ న్యాయవాది కోర్టుకెక్కాడు. 2017లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆ రెండేళ్లలో మన ఫోరమ్ చేసిన తీర్మానాలెన్ని? సున్నా. రాసిచ్చే మనిషి మన దగ్గర లేడు. నాతో సహా అందరం కోడ్ రాసేవాళ్లమే.

"ఆ చదువుకి ఉద్యోగమేదీ?" అంటారు. న్యాయమైన ప్రశ్న. అమెరికాలో జీనోమ్ ప్రాజెక్టు మొదలైన 1990 నుంచే బడ్జెట్‌లో కొంత వాటా నైతిక, చట్ట, సామాజిక ప్రశ్నల కోసం పక్కన పెట్టారు. తర్వాత అది 5 శాతానికి తగ్గకూడదని చట్టమే చేశారు. ఆ డబ్బుతోనే ఒక తరం పరిశోధకులు నిలదొక్కుకున్నారు. ఉద్యోగాలు వాటంతటవే పుట్టలేదు, పుట్టించారు. మన దగ్గర జన్యువులు చదవడానికి హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉంది, సీడీఎఫ్‌డీ ఉంది. నైతికత చదవాలంటే మా పిల్లకు కనబడిన దారులు బెంగళూరుకూ మంగళూరుకూ పోతున్నాయి. 2023లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది, ఏడు కోట్ల మందికి పరీక్షలు లక్ష్యం. ఆ ఫలితాన్ని గూడెంలో పెళ్లీడు పిల్లకు ఎలా చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో, ఆమె భాషలో ఆలోచించేవాళ్లు కావద్దా?

కాబట్టి నా ప్రతిపాదన ఇది. మన ఫోరమ్ ఏటా వసూలు చేసే చందాల్లో 5 శాతం పక్కన పెడదాం. తెలుగు రాష్ట్రాల నుంచి ఇద్దరికి మూడేళ్ల ఫెలోషిప్ ఇద్దాం. ఒక జన్యు శాస్త్రవేత్త, ఒక న్యాయ నిపుణుడు కలిసి వాళ్లకు దారి చూపాలి. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు వాళ్లు ఊళ్లలో తిరగాలి. రాసింది తెలుగులో కూడా రావాలి. ఏం తేల్చాలో మనం చెప్పకూడదు. మనల్ని తప్పుపట్టే హక్కు కూడా వాళ్లకుండాలి. వార్షిక సభకు సినిమా హీరోని బిజినెస్ క్లాసులో రప్పించగలిగిన మనకు ఇది బరువేం కాదు.

మా మేనకోడలికి ఇందులో పైసా అక్కర్లేదు. ఆమె మొదటి ఏడాది ఖర్చు నాది. నిన్న ఫోన్ చేసి అక్కకు ఆ మాటే చెప్పాను. "నీకు మతి పోయిందిరా" అంది. పోయింది ఇప్పుడు కాదక్కా, తమ్ముడు పోయాక కూడా ఎందుకని ఒక్కసారైనా అడగనప్పుడే అన్నాను.

ఒప్పుకోనివాళ్లు కారణం రాయండి, జవాబిస్తాను. ఒప్పుకున్నవాళ్లు వచ్చే సమావేశంలో చెయ్యెత్తండి.

రియాద్ నుంచి,
మీ సభ్యుడు