పిల్లాడి తలా, నలుగురి చేతులూ

ఆదివారం పొద్దున్న ఏ ఊళ్ళో అయినా సరే, కటింగ్ షాపు ముందు ఓ పావుగంట నిలబడండి. ఒక పిల్లాడి ఏడుపు వినబడకపోతే అడగండి. లోపల నాన్న చేతులు పట్టుకుని ఉంటాడు, తాతయ్య కాళ్ళు పట్టుకుని ఉంటాడు, పేపరు చదువుకుంటున్న పెద్దమనిషెవరో లేచొచ్చి తల కదలకుండా అదిమి పడతాడు. కత్తెర పట్టుకున్నాయన దొరికినంత మేరకు కత్తిరించేసి "అయిపోయింది నాన్నా, అయిపోయింది" అంటాడు. నా లెక్క ప్రకారం అక్కడే మొదలయ్యింది. వచ్చే నెల ఆ వీధి మలుపు తిరగ్గానే వాడు ఏడుపందుకుంటాడు.

పట్టుకుని చేయించడం వల్ల కటింగ్ అవుతుందేమో గానీ భయం పోదు. పైగా మనమే ఆ భయాన్ని నెలనెలా దగ్గరుండి నేర్పిస్తున్నాం.

కాస్త వాడి వైపునుంచి చూద్దాం. రోజంతా మనం ఏం చెప్తాం? "కత్తెర ముట్టుకోకు, తెగుతుంది, రక్తం వస్తుంది" అని. ఒకరోజు ముక్కూమొహం తెలియని మనిషి అదే కత్తెర తీసుకుని చెవి దగ్గరికొస్తాడు, మనం పక్కనే నిలబడి నవ్వుతూ ఉంటాం! వెంట్రుక కెరటిన్ అనే పదార్థం, బయటికొచ్చిన భాగంలో ప్రాణం లేదు, కత్తిరిస్తే నొప్పి ఉండదు. ఈ సంగతి మనకి తెలుసు, మూడేళ్ళవాడికి ఎలా తెలుస్తుంది? పైగా కుదుళ్ళ చుట్టూ నరాలుంటాయి కాబట్టి లాగితే నొప్పి పుడుతుంది. పదునుపోయిన మిషను కత్తిరించేదానికన్నా పీకేదే ఎక్కువ. ఆ మిషను చెవి వెనక ఎముకకి ఆనితే మోత గాల్లోంచే కాక పుర్రె ఎముకలోంచి కూడా లోపలికి పోతుంది. మెడకి బిగించిన గుడ్డ కింద చేతులు కనబడవు, వీపులోకి రాలిన వెంట్రుకలు గుచ్చుకుంటుంటాయి. ఇన్ని కలిసినా కదలకుండా కూర్చోవాలట!

ఇవి చాలవన్నట్టు బెదిరింపులొకటి. "అన్నం తినకపోతే కటింగాయనకి చెప్పి చెవి కోయిస్తా." డాక్టరునీ, పోలీసునీ, పాపం ఈ కటింగాయన్నీ బూచాళ్ళని చేసిపెట్టేది మనమే. తర్వాత ఆ బూచాడి ముందే బుద్ధిగా కూర్చోమనేదీ మనమే.

భయం నేర్చుకుంటే వచ్చేదనీ, నేర్పితే పోతుందనీ చెప్పే రెండు కథలున్నాయి. 1920లో అమెరికాలో వాట్సన్, రేనర్ అనే ఇద్దరు, ఏడాది కూడా నిండని ఒక పిల్లాడికి తెల్ల ఎలకని చూపిస్తూ వెనకాల ఇనపకడ్డీ మీద సుత్తితో కొట్టారు. కొన్నిసార్లు అలా చేసేసరికి మోత లేకపోయినా ఎలకని చూస్తేనే వాడు ఏడవడం మొదలుపెట్టాడు. ఆ భయాన్ని వాళ్ళు పోగొట్టలేదు. నాలుగేళ్ళ తర్వాత, 1924లో, మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ దీనికి తిరగేసిన కథ రాసింది. పీటర్ అని దాదాపు మూడేళ్ళ పిల్లాడు, కుందేలంటే భయం. వాడికిష్టమైన తిండి తింటున్నప్పుడు పంజరంలో కుందేలుని దూరంగా ఉంచి, రోజురోజుకీ కొంచెం కొంచెం దగ్గరికి జరిపింది. భయం లేని పిల్లల్ని కుందేలుతో ఆడిస్తూ వాడికి చూపించింది. మధ్యలో పీటర్‌కి జబ్బుచేసి రెండు నెలలు రాలేదు, దానికితోడు ఓ పెద్ద కుక్క మీదపడి జడిపించింది. భయం మళ్ళీ మొదటికొచ్చింది. ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి కుందేలు తన వేళ్ళు కొరుకుతున్నా పీటర్ వెనక్కి తీసుకోలేదు.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకంటారా? మన పుట్టువెంట్రుకల ఆచారంలోనే ఇందులో సగం ఉంది. తిరుమల కళ్యాణకట్టలో అయినా, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ దగ్గరైనా, చాలా ఇళ్ళల్లో పిల్లాణ్ణి మేనమామ ఒడిలో కూర్చోబెడతారు. తెలిసిన ఒడి, తెలిసిన వాసన. ఆ ఒడిని అట్టేపెట్టుకుని, దానికి నాలుగు జతల చేతులు తగిలించి, బిగించే బిడాయిలా మార్చింది మనం.

నేనూ ఒక మేనమామనే. మా అక్కావాళ్ళుండేది తిరువూరు, 2022 దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. మేనల్లుడికి మూడో ఏట పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు నేను దేశంలో లేను, వరసకి మేనమామ అయ్యే ఇంకొకాయన కూర్చున్నాడు. మిగతావాళ్ళు పట్టుకున్నారు. ఆ తర్వాత ఏడాదిపాటు కటింగ్ అన్న మాట వినబడితే చాలు, వాడు మంచం కిందికి దూరేవాడు. కిందటేడు ఇంటినుంచి పనిచేసుకోవచ్చని నెల్లాళ్ళు తిరువూరులో ఉన్నాను, అప్పుడు పెట్టుకున్నాను ఈ పని.

మొదటి వారం ఇంట్లో కటింగ్ షాపు ఆట. వాడు షాపాయన, నేను బేరం. దువ్వెనతో నా తలంతా చెరిపేసి పదిరూపాయలు వసూలు చేసేవాడు. తర్వాత నా ట్రిమ్మర్ బ్యాటరీ లేకుండా వాడి చేతికిచ్చాను. ఆ తర్వాత బ్యాటరీతో, కానీ స్విచ్ వాడి చేతిలోనే. అరచేతికి ఆనించుకున్నాడు, మోచేతికి, భుజానికి. మెడ దగ్గరికి రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఈలోగా ఒక బుధవారం మధ్యాహ్నం నా కటింగ్‌కి వాణ్ణి షాపుకి తీసుకెళ్ళాను. మంగళవారం సెలవు, ఆదివారం తిరనాళ్ళు, అందుకని బుధవారం. బెంచీ మీద కూర్చుని చెగోడీలు తింటూ చూశాడు, అంతే. ఇంకోరోజు ఖాళీ కుర్చీలో ఎక్కి గిరగిరా తిరిగాడు, అంతే. షాపాయనకి ముందే చెప్పాను, ఆయన వాడితో మాట్లాడాడు గానీ చెయ్యి వెయ్యలేదు.

అసలు రోజున మిషను లేదు, షాపు గుడ్డ లేదు. ఇంటి తువ్వాలు, నా ఒడి, ఒక్క కత్తెర. ఒకటే ఒప్పందం: వాడు "ఆపు" అంటే కత్తెర ఆగాలి. మొదటి పది నిమిషాలూ నిజంగా ఆగుతుందా లేదా అని పరీక్షించడానికే సరిపోయింది. (మేం రాసిన కోడుని టెస్టింగ్ వాళ్ళు కూడా ఇంతలా పరీక్షించరు.) ఆగుతుందని నమ్మకం కుదిరాక ఆపమనడం తగ్గించాడు. చెవుల పక్కన మాత్రం అయ్యింది, వెనకంతా అలాగే ఉండిపోయింది. ఇంటికెళ్తే అక్క "ఇదేం క్రాపురా, ఎలక కొరికినట్టుంది" అంది. అమ్మయితే "రేపు బడికి ఇలాగే పంపుతారా!" అని నెత్తి కొట్టుకుంది. వారం తర్వాత వెనకభాగం చేయించాం. ఆ మధ్యలో ఓసారి కంట్లో వెంట్రుక పడి రెండు మెట్లు కిందికి జారాం, మళ్ళీ ఎక్కాం. ఇప్పుడు వాళ్ళ నాన్నతో వెళ్ళొస్తున్నాడు. మిషనంటే ఇంకా ఒప్పుకోడు, కత్తెరే.

"మమ్మల్నీ అలాగే పట్టుకుని చేయించారు, మేం బాగానే లేమా?" అంటారు చాలామంది. ఉన్నాం, కాదనను. కానీ బతికి బట్టకట్టడం వేరు, ఆ పద్ధతి మంచిదవ్వడం వేరు. "షాపులో అంతసేపు ఎవరు ఆగుతారు?" అన్నది మాత్రం న్యాయమైన ప్రశ్న. గింజుకునే తల దగ్గర కత్తెర పట్టుకోవడం ఆయనకీ గండమే, టైమే ఆయన సంపాదన. కాబట్టి రద్దీ లేనప్పుడు వెళ్ళండి, రెండు కటింగులకి డబ్బులివ్వండి. ఇక తల మీదా మెడ మీదా చెయ్యి పడితేనే భరించలేని పిల్లలు కొందరుంటారు. అది మొండితనం కాదు, వాళ్ళకి ఆ స్పర్శ నిజంగానే ఎక్కువగా తెలుస్తుంది. వాళ్ళకి నెల చాలదు, తెలిసిన డాక్టరు సాయం తీసుకోవాలి.

ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అంటే, నాకిది చిన్నదిగా కనబడటంలేదు. ఇవాళ పిల్లలకి బళ్ళోనూ ఇంట్లోనూ ఒక పాఠం చెప్తున్నాం: నీకిష్టం లేకుండా ఎవరైనా ఒంటి మీద చెయ్యేస్తే గట్టిగా "వద్దు" అని అరువు, మేం వస్తాం అని. కటింగ్ షాపులో వాడు గొంతు చించుకుని అరుస్తున్నది ఆ మాటే. మనం వస్తున్నాం, నిజమే, కాళ్ళు పట్టుకోవడానికి. ఈ రెండు పాఠాల్లో వాడు దేన్ని నమ్మాలి?

టీకాకో, గాయానికి కుట్లకో పట్టుకోక తప్పదు. అప్పుడైనా "నొప్పెడుతుంది, కానీ కావాలి" అని నిజం చెప్పి పట్టుకోవాలి. జుట్టుకి ఆ తొందరేం లేదు. అది నెలకి ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రెండు వారాలు ఆగితే పెరిగేది అర సెంటీమీటరు. దానికోసం పిల్లాడికి మన మాట మీదున్న నమ్మకాన్ని కత్తిరించుకోవద్దనే నా గోల.